దూది చెవి నొప్పి

బ్రాడ్‌ఫర్డ్
1965 జూలై 11

అక్కకు,

గౌరి నమస్కారాలు. కొండయ్య బావకి కూడా చెప్పు. నాన్న నేర్పిన పద్ధతిలో ముందు కుశలం రాసి తర్వాత సంగతులు రాయాలి. నేను క్షేమం. ఓడ మన దీవి వదిలి మార్సెయ్ రేవు చేరడానికి ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. అక్కణ్ణించి రైలు, మళ్ళీ చిన్న పడవ, మళ్ళీ రైలు. ఆసుపత్రి పక్కనే నర్సుల హాస్టల్లో గది ఇచ్చారు. ఇక్కడివాళ్ళు దీన్నే ఎండాకాలం అంటున్నారు. నేను రెండు స్వెట్టర్లు తొడుక్కుని ఇది రాస్తున్నాను.

ఇక ప్లూమ్ సంగతి. వచ్చే ముందు హడావిడిలో అన్నీ చెప్పలేకపోయాను. దాని ఒంటి మీద ఉన్నది మామూలు కుక్క వెంట్రుక కాదక్కా, దూది లాంటిది. క్యూర్పిప్‌లో నేను పనిచేసిన ఇంటి మదాం మోనిక్ దీన్ని నాకిచ్చేటప్పుడే చెప్పింది, వాళ్ళ తాతగారు మదగాస్కర్‌లో తులేయార్ రేవు నుంచి తెచ్చిన జాతి ఇది. ఆ దూది ఒక్కరోజు వదిలేస్తే చిక్కు పడుతుంది, మూడు రోజులు వదిలేస్తే ముద్ద కడుతుంది. పొద్దున్నే ముందు వేళ్ళతో చిక్కు విడదీసి, ఆ తర్వాత నేనిచ్చిన ఇనప దువ్వెనతో మెల్లగా దువ్వు. చెవుల వెనక, చంకల్లో, పొట్ట కింద మరిచిపోకు. దువ్వకుండా మాత్రం ఎప్పుడూ తడపకు. చెవులు కిందికి వేలాడతాయి కాబట్టి లోపల గాలి ఆడదు. స్నానం అయ్యాక పొడిగుడ్డతో తుడవాలి. కళ్ళ కింద తడి కూడా అంతే. ఉడికిన కోడి ఎముకలు, ఉల్లిపాయ పెట్టవద్దు. మెత్తటి అన్నంలో కాస్త చేప చాలు, ముల్లు తీసి.

అన్నిటికంటే ముఖ్యం, ఒంటరిగా వదలకు. ఇది కాపలాకి పుట్టిన జాతి కాదు, మనిషి పక్కన ఉండడానికి పుట్టింది. ఒక్కతే ఉంటే దిగులు పెట్టుకుంటుంది. సంతోషం వస్తే వెనక కాళ్ళ మీద లేచి నాలుగడుగులు నడుస్తుంది. అది ఇంకా నడుస్తోందా? వెంటనే రాయి.

నీ చెల్లెలు
గౌరి

బాన్ అక్యూయ్
1965 ఆగస్టు 8

గౌరికి అక్క ముత్యాలు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. రెండు పేజీలు కుక్కకి, నాలుగు వరసలు నాకు. లెక్క చూసుకున్నాను, కోపం తెచ్చుకోకు.

చెరుకు కోతలు మొదలయ్యాయి. మీ బావ పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని రాడు. శనివారం భజన ఉంటుంది కదా, రాముడి పటం ఉన్న గదిలోకి కుక్క రాకూడదని మొదటి రోజే గీత గీశాడు. "వసారా వరకే, ముత్యాలూ. ఆ లోపలికి వస్తే నేను బయటికి పోతాను" అన్నాడు. సరేనన్నాను.

నీ కుక్క మొదటి వారం ఏమీ తినలేదు. నువ్వు దాన్ని ఇక్కడ వదిలి బస్సెక్కావు కదా, బస్సు ఆగిన చప్పుడు వింటే చాలు, గేటు దగ్గరికి పరుగు. దిగినవాళ్ళందరినీ చూసి వెనక్కి వచ్చి తలుపు మూల కూర్చునేది. రెండు కాళ్ళ మీద నడవడం నేనింతవరకు చూడలేదు.

ఒక తప్పు జరిగింది. నీ ఉత్తరం రాకముందే జరిగింది. అది నాతో చేను దాకా వచ్చి బురదలో పొర్లింది. ఒళ్ళంతా గడ్డి ముళ్ళు. నేను తెలియక నీలి సబ్బుతో రుద్ది కడిగాను. ఆరేసరికి ఆ దూదంతా తడిసిన కంబళిలా గట్టిపడింది. దువ్వెన దిగలేదు. పక్కింటి అప్పలమ్మత్త చూసి, "ఆయో, దీన్ని దువ్వితే చర్మం ఊడి వస్తాది. కత్తిరించేయ్!" అని తనే కత్తెర తెచ్చింది. ఇప్పుడది బొచ్చు కత్తిరించిన గొర్రెపిల్లలా ఉంది. సిగ్గుతో రెండు రోజులు బల్ల కింద నుంచి బయటికి రాలేదు. ప్లూమ్ అన్న పేరు ఇక్కడ ఎవరికీ నోరు తిరగడం లేదు. నేను దూది అంటున్నాను. పలుకుతోంది.

అక్క
ముత్యాలు

బ్రాడ్‌ఫర్డ్
1965 సెప్టెంబరు 2

అక్కకు,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆ జుట్టు మళ్ళీ పెరగడానికి ఏడాది పడుతుంది. అసలే క్యూర్పిప్ కొండల చలికి అలవాటు పడిన ప్రాణం, ఇప్పుడు ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, మధ్యాహ్నం నీడలో ఉంచు. పొద్దున పది నిమిషాలు దువ్వడానికి నీకు తీరిక లేదా? కోతలని బావకి తీరిక లేకపోవచ్చు. నువ్వు ఇంట్లోనే ఉంటావు, చూసుకోవలసిన పిల్లలు ఎవరూ లేరు కదా.

నాకు ఇక్కడ పొద్దున ఏడింటి నుంచి డ్యూటీ. మంచాల దుప్పట్ల మూలలు ఎలా మడవాలో చెప్పడానికే ఒక సిస్టర్ ఉంది. తప్పితే అందరి ముందూ విప్పించి మళ్ళీ మడిపిస్తుంది. నాతో మన దీవి క్రియోల్ మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకసారి నిద్ర లేస్తూనే ప్లూమ్ కోసం చెయ్యి చాపాను. గోడ తగిలింది.

గౌరి

బాన్ అక్యూయ్
1966 ఫిబ్రవరి 6

గౌరికి,

ఆరు నెలలు ఉత్తరం రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

జనవరిలో తుఫాను వచ్చింది. వంటగది రేకులు లేచిపోయాయి, వసారా కూలింది. ఇంట్లో నిలిచిన కప్పు రాముడి పటం గది మీద ఒక్కటే. దూది నా చీర కుచ్చిళ్ళలో దూరి వణుకుతోంది. గుమ్మం దగ్గర దాన్ని పట్టుకుని ఆగిపోయాను. మీ బావ లోపలి నుంచి, "ఏంటి చూస్తావ్? తీసుకురా దాన్ని!" అని అరిచాడు. గాలి తగ్గేదాకా ముగ్గురం ఆ గదిలోనే ఉన్నాం. ఆ తర్వాత గీత మాట మళ్ళీ ఎత్తలేదు.

జుట్టు పెరుగుతోంది. రోజూ దువ్వుతున్నాను. నువ్వు రాసింది నిజమే. ఇంట్లో చూసుకోవలసిన పిల్లలు నాకు ఎవరూ లేరు. తీరిక బాగానే ఉంది.

ముత్యాలు

బాన్ అక్యూయ్
1966 జూలై 17

గౌరికి దీవెనలు.

అయిదు నెలలయింది. నీ దగ్గర నుంచి కార్డు ముక్క కూడా లేదు. పోస్టు మనిషి సైకిలు దిగకుండానే చెయ్యి ఊపి వెళ్ళిపోతున్నాడు. పరీక్షలని అనుకుంటున్నాను.

దూదికి చెవి నొప్పిగా ఉంది. కుడి చెవి. గోక్కుంటోంది, తల విదిలిస్తోంది, ముట్టుకుంటే ఏడుస్తోంది. ఏం చెయ్యాలో రాయి.

అక్క

బ్రాడ్‌ఫర్డ్
1966 జూలై 27

అక్కకు,

ఉత్తరం ఇప్పుడే అందింది, నిలబడే రాస్తున్నాను. భయపడకు. ముందు చెవి తిరగేసి వెలుతురులో చూడు. ఎర్రగా ఉందా? చెడు వాసన వస్తోందా? నల్లగా కాఫీ పొడిలాంటి మురికి కనబడితే అది పురుగు. లోపల వెంట్రుకలు గుత్తిగా పెరిగి గాలి ఆడకపోయినా అలాగే అవుతుంది. పుల్లకి దూది చుట్టి లోపలికి పొడవకు. గోరువెచ్చని కొబ్బరినూనెలో తడిపిన గుడ్డతో పైపైన మాత్రం తుడువు. తడి తగలనివ్వకు. తగ్గకపోతే ఫ్లాక్ వెళ్ళి పశువుల డాక్టరుకి చూపించు. నేను ఒక మందు పార్సిల్ చేస్తున్నాను. రోజు విడిచి రోజు రాయి, ఒక్క వరస అయినా సరే.

గౌరి

బాన్ అక్యూయ్
1967 మే 21

గౌరికి దీవెనలు.

నీ కొత్త పార్సిలూ, ఈ నెల రెండు ఉత్తరాలూ అందాయి. పోస్టు మనిషి ఇప్పుడు మా గేటు దగ్గర దిగి టీ తాగి వెళ్తున్నాడు. చెవి కాస్త తగ్గింది గాని మళ్ళీ వస్తోంది. వెనక కాలు కూడా కుంటుతోంది, మోకాలి చిప్ప జరిగిందేమో. ఇలాంటి చిన్న జాతులకి అలా జరుగుతుందని నువ్వే రాశావు.

భజనకి వచ్చినవాళ్ళు తాళాలు మొదలుపెడితే అది గుమ్మంలో వెనక కాళ్ళ మీద లేచి నిలబడుతోంది. అందరూ పాట ఆపి నవ్వుతారు. మీ బావ కోపం నటిస్తాడు. మొన్న చేపకూర వడ్డిస్తే ముళ్ళు తీసి ఒక మూలకి పెట్టాడు. ఎవరికని అడిగితే, "ఎవరికో" అన్నాడు.

నువ్వు ఎప్పుడు వస్తావు? మంత్రసాని చదువు కూడా చదువుతానన్నావు, అది ఇంకా ఎన్నాళ్ళు?

అక్క

బ్రాడ్‌ఫర్డ్
1968 జనవరి 14

అక్కకు,

నీ డిసెంబరు ఉత్తరం చదివి చాలా ఆలోచించాను. ఏడాదిన్నరగా చెవి నొప్పి, కాలు కుంటు, ఇప్పుడు తిండి సరిగ్గా తినడం లేదంటున్నావు. కాళ్ళ మీద లేచి నిలబడిందని ఒకసారి, కుంటుతోందని అదే ఉత్తరంలో మరోసారి రాస్తావు. నాకేమీ అర్థం కావడం లేదు. నీ చేతనైనంత చేశావు, తప్పు పట్టడం లేదు. కాని అంత జబ్బు మనిషిని, అంటే కుక్కని, చెరుకు పొలాల మధ్య ఉంచడం న్యాయం కాదు.

మదాం మోనిక్‌కి రాశాను. తన కుక్కల్ని చూసే డాక్టరుకి చూపించి, నయమయ్యే దాకా తన ఇంట్లో ఉంచుకుంటానని ఒప్పుకుంది. డ్రైవరు పియర్ కారు తీసుకుని వస్తాడు. పది రోజుల ముందు నీకు కబురు చేయమన్నాను. దాని దువ్వెన కూడా పంపు.

గౌరి

బాన్ అక్యూయ్
1968 ఫిబ్రవరి 11

గౌరీ,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. కారు బుధవారమే వచ్చింది. ఏ కబురూ లేదు.

నేను పెరట్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని దువ్వుతున్నాను. పియర్ టోపీ తీసి, "మదాం కొండయ్యా, మామ్‌జెల్ గౌరి రాసింది. కుక్కని తీసుకురమ్మంది" అన్నాడు. నీ పేరు చెప్పాక నేనేమనగలను? నీ కుక్క. నేనే ఎత్తి కారు వెనక సీటులో కూర్చోబెట్టాను. అది నేను కూడా ఎక్కుతాననుకుని పక్కకి జరిగి చోటిచ్చింది. తలుపు వేశాను.

ఇప్పుడు నిజం రాస్తాను. చదివి నన్ను ఏమైనా అను.

దూదికి చెవి నొప్పి ఎప్పుడూ లేదు. కాలూ కుంటలేదు. నా గురించి, బావ గురించి, తుఫాను గురించి రాస్తే నీ దగ్గర నుంచి అయిదు నెలలు జవాబు లేదు. చెవి నొప్పి అని రాస్తే పదో రోజుకి నిలబడి రాశావు. రోజు విడిచి రోజు రాయమన్నావు. ఆ మాట నాకెంత తియ్యగా ఉందో నీకు తెలియదు. అది తగ్గిందని రాస్తే నువ్వు మళ్ళీ మాయమవుతావని, ఒకటి తగ్గగానే ఇంకొకటి కల్పించాను. నేను అబద్ధాలాడే మనిషిని కాను, గౌరీ. నాన్న నేర్పిన అక్షరాలతో అబద్ధం రాశాను.

పియర్ వెళ్తూ ఇంకో మాట చెప్పాడు. వచ్చే నెల మన దీవికి స్వాతంత్ర్యం వస్తోందని మదాం వాళ్ళు ఇల్లమ్మేసి డర్బన్ వెళ్ళిపోతున్నారట. మార్చి తొమ్మిదిన ఓడ. కుక్కలన్నీ ఆవిడతోనే. ఈ సంగతి నీకు తెలుసా? మళ్ళీ తెచ్చుకుందామంటే పోర్ట్ లూయీలో గొడవలు, రోడ్ల మీద సిపాయిలు. మీ బావ మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. నీకు అబద్ధం రాసిన సంగతి ఆయనకీ చెప్పాను. విని లేచి చేను వైపు వెళ్ళిపోయాడు.

అక్క

బ్రాడ్‌ఫర్డ్
1968 ఫిబ్రవరి 20

అక్కా,

డర్బన్ సంగతి నాకు తెలియదు. ఒట్టు. మదాంకి టెలిగ్రాం ఇచ్చాను. ఈ కవరులో ఫ్రెంచిలో ఇంకో ఉత్తరం ఉంది, అది ఆవిడ చేతికివ్వు. ప్లూమ్‌ని, దూదిని, నీకు ఇచ్చేశానని రాశాను. ఇకమీదట అది నాది కాదు. వెంటనే వెళ్ళు. ఓడ తేదీ మరిచిపోకు.

నీ అబద్ధం చదివి కోపం రాలేదు. నాది ఇంకా పెద్దది.

పాప పుట్టే రోజుల్లో నువ్వు రమ్మని రెండుసార్లు కబురు పంపావు. మదాం ఇంట్లో చుట్టాలున్నారు, సెలవు దొరకలేదని చెప్పాను. నేను గట్టిగా అడిగితే ఇచ్చేది. అడగలేదు. అంతా మామూలుగా జరుగుతుందనుకున్నాను. మూడో రోజు వచ్చేసరికి ఊయల కూడా విప్పేసి ఉంది. నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు. నేను కాఫీ పెట్టి ఇచ్చి, బస్సు వేళయిందని వెళ్ళిపోయాను. ఓడెక్కే దాకా ఆ మాట నీ దగ్గర ఎత్తలేదు.

ప్లూమ్‌ని మదాం తన దగ్గరే ఉంచుకుంటానంది. నేనే వినలేదు. ఖాళీ ఇంట్లో నీ వెనక తిరిగేది ఒకటి ఉండాలని నీకు ఇచ్చి వచ్చాను. నేను బరువు దించుకుని పోయానని నువ్వనుకున్నావు. అలా అనుకోనిచ్చాను. తర్వాత "చూసుకోవలసిన పిల్లలు ఎవరూ లేరు కదా" అని ఈ చేత్తోనే రాశాను. ఏం రాశానో నీ తుఫాను ఉత్తరం చదివాకే తెలిసింది. అయిదు నెలలు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. కుక్క చెవి గురించైతే రాయగలను. అందుకే అంత త్వరగా రాశాను.

ఇక్కడ ప్రసూతి వార్డులో పని చేస్తున్నాను. బిడ్డ పోయిన తల్లి దగ్గర ఎవరూ నిలబడరు, అందరూ చప్పుడు కాకుండా నడుస్తారు. నేను వెళ్ళి కూర్చుంటాను. కూర్చున్నప్పుడల్లా నీ వీపు కనబడుతుంది.

పాపకి ఏం పేరు అనుకున్నారక్కా? నేను అడగనేలేదు.

గౌరి

బాన్ అక్యూయ్
1968 మార్చి 14

గౌరికి అక్క ముత్యాలు, బావ కొండయ్య దీవెనలు.

నీ ఉత్తరం నాలుగో తేదీన అందింది. మీ బావకి చదివి వినిపించాను. పాప గురించి రాసిన చోట చదవడం ఆపాను. ఆయనే కాగితం తీసుకుని మిగతాది తడుముకుంటూ చదివాడు. తర్వాత పెట్టె తెరిచి, పెళ్ళినాటి కోటు తీసి దులిపాడు. "రేపు మొదటి బస్సు" అన్నాడు.

రెండు బస్సులు మారాం. దారిలో సిపాయిలు ఒకసారి ఆపి, దించి, మళ్ళీ ఎక్కించారు. క్యూర్పిప్‌లో ఎప్పటిలాగే వాన. మదాం ఇంట్లో కుర్చీలకి కూడా గోనె చుట్టేశారు. దూదిని చూసి నేను గుర్తుపట్టలేదు, గౌరీ. మల్లెపువ్వులా ఉంది. ఒక్క చిక్కు లేదు. మెత్త మీద కూర్చుంది. నేను పిలిచాను. తల తిప్పి చూసి, మళ్ళీ అటు తిరిగి పడుకుంది. కారు తలుపు నేనే వేశాను కదా, కోపం.

మదాం టెలిగ్రాం చూసింది, నీ ఉత్తరమూ చదివింది. చెడ్డమనిషి కాదు. మెల్లగానే అంది, "చూడు ముత్యాలూ, దీని చెవులు డాక్టరు చూశాడు, ఏ జబ్బూ లేదు. కాని ఇంతటి జాతి కుక్కకి మీ ఇంట్లో బురద, ముళ్ళు. డర్బన్‌లో దీనికి తోడు కుక్కలుంటాయి, తోట ఉంటుంది. దాని మంచి నువ్వే ఆలోచించు." నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకూ ఆవిడ మాటే సరి అనిపించింది. వెనక్కి ఒక అడుగు వేశాను కూడా.

అప్పుడు మీ బావ ముందుకు వచ్చాడు. ఆ ఇంటి గుమ్మం ఆయన ఎన్నడూ తొక్కలేదు. కోటు నుంచి నీళ్ళు కారి నేల తడిసిపోతోంది. "మదాం, లి నూ జాన్‌ఫాన్" అన్నాడు. అది మా పిల్ల అని. నేను వినలేదేమోనని కాబోలు, నా వైపు తిరిగి తెలుగులో కూడా అన్నాడు. "మన పిల్ల. ఒకర్ని ఊరికే పోగొట్టుకున్నాం. ఇంక చాలు."

పియర్ కిటికీ వైపు తిరిగాడు. మీ బావ మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపాడు. దూది కాసేపు ఆ చెయ్యి వాసన చూసింది. తర్వాత లేచి, వెనక కాళ్ళ మీద కాదు, మామూలుగానే నడిచి వచ్చి ఆయన మోకాలికి తల ఆనించింది. మదాం దువ్వెన, ఒక తువ్వాలు ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చి, "తడవనివ్వకండి" అంది. బస్సులో దారి పొడుగునా అది కోటు లోపలే ఉంది. ముక్కు ఒక్కటే బయటికి.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. మూడేళ్ళలో అడిగింది నువ్వొక్కతివే. పాపకి మాణిక్యం అనుకున్నాం, మన అమ్మ పేరు. జుట్టు దట్టంగా ఉంది. బతికి ఉన్నట్టే ఉంది గౌరీ, ఎర్రగా, పెదవులు నీలాగే. నాకు ఒక్కసారే చూపించారు. అప్పలమ్మత్త గుడ్డలో చుట్టి మీ బావకి ఇచ్చింది. ఆయన ఒక్కడే తీసుకెళ్ళాడు. ఎక్కడ పెట్టాడో చెప్పలేదు, నేను అడగలేదు.

మొన్న పన్నెండున బడి దగ్గర కొత్త జెండా ఎగరేశారు. పిల్లలకి కేకులు పంచారు. ఊరంతా అక్కడే ఉంది. జెండా పైకి వెళ్ళాక మీ బావ నా చెయ్యి తాకి, "రా" అన్నాడు. చేను చివర, తవ్వి పోసిన నల్లరాళ్ళ గుట్ట వెనకకి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక చదును రాయి ఉంది, చుట్టూ గడ్డి పీకి శుభ్రంగా ఉంది. ఈ మూడేళ్ళూ తనొక్కడే వస్తున్నాడు. చెరుకుకి నీళ్ళు చూడాలని చెప్పి వచ్చేది ఇక్కడికే. నేను కూర్చున్నాను. ఆయన నిలబడి, "మాణిక్యం, అమ్మ వచ్చింది" అన్నాడు. ఆ పేరు ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

మొదటి సెలవుకి రా. ఆ రాయి దగ్గరికి నిన్ను నేనే తీసుకెళ్తాను.

అక్క
ముత్యాలు